గర్భస్రావం తర్వాత ఆదరణ: ప్రార్థనలో, ఇంట్లో, సంఘంలో ఏం చేయవచ్చు

ఇంట్లో ఎవరైనా చనిపోతే ఏం చేయాలో మన సంఘాల్లో ఒకరు చెప్పక్కర్లేదు. భూస్థాపన అవుతుంది, పాస్టరు గారు వస్తారు, కొన్ని రోజులకు ఆదరణ కూడిక పెడతారు, స్త్రీల సమాజం వాళ్లు వంటకు నిలబడతారు. మూడో నెలలోనో నాలుగో నెలలోనో కడుపు పోతే మాత్రం వీటిలో ఒక్కటీ జరగదు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి "రెస్ట్ తీసుకోమ్మా" అంటారు, పై ఆదివారం గుడికి ఎందుకు రాలేదని అడుగుతారు. ఏడవడానికి ఒక రోజు, ఒక చోటు, పక్కన కూర్చునే నలుగురు మనుషులు దొరక్కపోవడం వల్లే ఈ దుఃఖం ఏళ్ల తరబడి లోపల ఉండిపోతుంది. అవి దొరికేలా చేసుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోసం, వాళ్ల దగ్గరకు వెళ్లాల్సిన సంఘం వాళ్ల కోసం.

ముందు ఒంటి సంగతి

ఏలీయా బదరీ చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసేయమని దేవుణ్ని అడిగినప్పుడు (1 రాజులు 19) దూత వచ్చి వాక్యం చెప్పలేదు. లేపి రొట్టె పెట్టి నీళ్లిచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినిపించాడు. హోరేబులో దేవుడు మాట్లాడింది ఆ తర్వాత చాలా రోజులకు. మొదటి వారం ఇదే వరస పాటించండి. తిండి, నిద్ర, మందులు ముందు. బైబిలు ఎంత చదివాం, ఎంతసేపు ప్రార్థించాం అన్న లెక్క వద్దు.

రక్తస్రావం సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిసిపోయినా, జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా, కళ్లు తిరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి గర్భంలో బిడ్డకు ముప్పు రాకుండా వేసేది) అవసరమా అని డిశ్చార్జికి ముందే అడగండి. అవసరమైతే అది 72 గంటల్లోపు పడాలి. నాలుగో నెల దాటాక బిడ్డ పోతే రొమ్ముల్లో పాలు రావచ్చు. ఈ మాట చాలామందికి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే అది జరిగిన రోజు మనిషి కూలిపోతుంది. పాలు పిండకండి, పిండే కొద్దీ ఇంకా వస్తాయి. ఒంటికి పట్టి ఉండే బ్రా వేసుకుని, చల్లటి తడిగుడ్డ పెట్టుకోండి. తగ్గకపోతే మాత్ర ఉంది, డాక్టరును అడగండి.

ఉపవాస ప్రార్థనలు కనీసం 6 వారాలు మానుకోండి. రక్తం పోయిన ఒంటికి ఐరన్ మాత్ర, పప్పు, ఆకుకూర, గుడ్డు కావాలి. ఉపవాసం ఉండకపోతే విశ్వాసం తగ్గిందనే వాళ్లకు మీ హిమోగ్లోబిన్ ఎంతుందో తెలియదు.

ఉద్యోగం చేసేవాళ్లకు గర్భస్రావం తర్వాత జీతంతో కూడిన 6 వారాల సెలవు చట్టంలోనే ఉంది (ముందు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో). డాక్టరు సర్టిఫికెట్ ఉంటే చాలు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకూ 6 వారాలే. ఈ సెలవు ఉందని తెలియక వారం తిరక్కుండా డ్యూటీకి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. కూలి పనికి వెళ్లే అక్కకు ఏ సెలవూ ఉండదు. అలాంటి ఇంటికి స్త్రీల సమాజం పదిహేను రోజుల కూలి డబ్బులు చందా వేసి ఇస్తే, ఆ పని పది ప్రసంగాల కంటే ఎక్కువ ఓదారుస్తుంది. డిశ్చార్జి కాగితం మీద "అబార్షన్" అని ఉంటే కంగారు పడకండి. దానంతట అదే పోయిన గర్భానికీ డాక్టర్లు ఆ మాటే రాస్తారు.

"నా వల్లే పోయింది"

ఈ మాట బయటికి అనకపోయినా దాదాపు ప్రతి తల్లీ లోపల అనుకుంటుంది. దీనికి సమాధానం రెండు వైపుల నుంచీ కావాలి.

వైద్యం చెప్పేది ఇది. నిర్ధారణ అయిన గర్భాల్లో 100కి 10 నుంచి 20 వరకు ఇలా పోతాయి. ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే. వాటిలో సుమారు సగం పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన లోపం వల్ల జరుగుతాయి. బిందె ఎత్తడం, బస్సులో ప్రయాణం చేయడం, భర్తతో గొడవ పడడం, అత్తగారి మాటకు ఏడవడం దానికి కారణాలు కావు.

వాక్యం చెప్పేది ఇది. గుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీణ్ని కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు (యోహాను 9:3). సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతా వాళ్ల కంటే పాపులు కారన్నాడు (లూకా 13:4). తండ్రి దోషం కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20 చెబుతోంది. అంటే "తరతరాల శాపం" అనే మాటను మీ మీద మోపే హక్కు ఎవరికీ లేదు.

కొత్తగా ప్రభువును నమ్ముకున్న కుటుంబాల్లో ఈ దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. పుట్టింటి వాళ్లు "మతం మారావు గనకే" అంటారు. సంఘంలో ఎవరో "కానుక ఎగ్గొట్టారేమో, కుటుంబ ప్రార్థన మానేశారేమో" అంటారు. ఈ రెండు మాటల వెనక ఉన్నది ఒకే నమ్మకం: పూజలో లోటు జరిగితే దేవుడు బిడ్డను తీసుకుంటాడని. సువార్త చెప్పే తండ్రి అలాంటివాడు కాడు. ఇద్దరికీ భర్తే జవాబివ్వాలి, అదీ భార్య వింటుండగా: "ఇది ఎవరి తప్పూ కాదు, డాక్టరు గారు చెప్పారు. ఈ మాట మళ్లీ మా ఇంట్లో అనొద్దు."

ప్రార్థన రానప్పుడు

కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. వాటిలో 13వ కీర్తన చిన్నది, ఆరే వచనాలు, నేర్చుకోవడానికి తేలిక. మొదటి రెండు వచనాల్లో దావీదు ప్రశ్నలు అడుగుతాడు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" తర్వాతి రెంటిలో కావలసింది అడుగుతాడు. చివరి రెంటిలో నమ్మకం చెబుతాడు. మీరూ అదే వరసలో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకోండి: పిలుపు, ఫిర్యాదు, ఈ రోజుకు ఒక చిన్న అవసరం, ముగింపు. ఇలా ఉండవచ్చు:

"ప్రభువా, నువ్వు వింటున్నావో లేదో నాకు తెలియడం లేదు. పదకొండు వారాలు మోసిన బిడ్డ పోయింది, నువ్వెందుకు ఆపలేదో నాకు అర్థం కావడం లేదు. ఈ రాత్రి నన్ను నిద్రపోనివ్వు. మిగతాది రేపు మాట్లాడతాను."

ఇది పూర్తి ప్రార్థనే. ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే ఫిర్యాదును దాటేసి నేరుగా "అయినా నీకు స్తోత్రం" దగ్గరకు వెళ్లిపోవడం. దేవుడి దగ్గర కోపం చూపిస్తే పాపమని భయం. ఆ భయంతో కోపం అణచుకుంటే కొన్ని వారాలకు ప్రార్థనే ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో కూడా తెలియదు. 88వ కీర్తనలో చివరి మాట కూడా చీకటి గురించే: "చీకటియే నాకు బంధువర్గమాయెను." స్తుతి లేకుండా ముగిసిన ఆ కీర్తనను బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. మీ ప్రార్థన కూడా కొన్నాళ్లు స్తుతి లేకుండా ముగియవచ్చు.

మాటలే రాని రోజుల్లో భర్తనో అక్కనో పక్కన కూర్చుని ఒక కీర్తన చదివి వినిపించమనండి. మీరు ఆమేన్ అనకపోయినా పరవాలేదు. ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెప్పింది ఇలాంటి రోజుల గురించే.

ఒక్క హెచ్చరిక. ఈ రోజుల్లో మొక్కుబడులు చేయకండి. "మళ్లీ బిడ్డనిస్తే సేవకు అంకితం చేస్తాను" అని హన్నాలాగా అనాలనిపిస్తుంది. దేవుని సన్నిధిలో మాట పలకడానికి తొందరపడొద్దని ప్రసంగి 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. దుఃఖంలో చేసిన మొక్కు తర్వాత పుట్టిన పిల్లల మీద బరువుగా కూర్చుంటుంది.

ఇప్పుడు చదవాల్సినవి, తర్వాత చదవాల్సినవి

ఇప్పుడు: కీర్తన 34:18, "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు." కీర్తన 56:8, మన కన్నీళ్లు ఆయన బుడ్డిలో ఉన్నాయన్న మాట. కీర్తన 139:16, "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను." లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో అతణ్ని లేపబోతూ కూడా యేసు ఏడ్చాడని చెప్పే యోహాను 11:35. రోజుకు ఒకటి చాలు. అదే వచనం వారమంతా చదివినా తప్పు లేదు.

తర్వాత: నిర్గమకాండము 23:26, కీర్తన 127:3, రోమా 8:28, హన్నా కథ. ఇవీ దేవుని మాటలే, అబద్ధాలని ఎవరూ అనడం లేదు. కానీ గర్భఫలం ఆయనిచ్చే బహుమానం అని చదివిన తల్లి, "మరి నా బహుమానం ఎందుకు వెనక్కి తీసుకున్నాడు" అని అడుగుతుంది. కడుపు పోయేవాళ్లు నీ దేశంలో ఉండరన్న నిర్గమకాండములోని మాట కనానులో అడుగుపెట్టబోతున్న ఇశ్రాయేలు జాతితో దేవుడు చేసిన వాగ్దానం. దాన్ని సందర్భంలోంచి తీసి కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు మీద వేస్తే, ఆ కార్డు తీసుకున్న చెల్లెలికి ఆ ఏడాదే కడుపు పోతే ఆమె ఏమనుకోవాలి? అలాంటి కార్డు మీ ఇంట్లో గోడకు ఉంటే తీసి పక్కన పెట్టండి. అది వాక్యాన్ని అగౌరవపరచడం కాదు.

2 సమూయేలు 12వ అధ్యాయం విషయంలో జాగ్రత్త. "నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు" అని దావీదు తన బిడ్డ చనిపోయాక అన్న 23వ వచనం ఎంతోమందిని ఆదరించింది. కానీ అధ్యాయం మొదటి నుంచి చదివితే ఆ బిడ్డ మరణాన్ని నాతాను దావీదు పాపంతో ముడిపెట్టాడని కనిపిస్తుంది, చదివే తల్లికి పాత భయం తిరిగొస్తుంది. అది ఒక రాజుకు ఒక ప్రవక్త ప్రత్యేకంగా చెప్పిన మాట. మిగతా తల్లిదండ్రులకు సూత్రం కాదు, యోహాను 9లో యేసే ఆ సంగతి తేల్చాడు.

బిడ్డ ఇప్పుడెక్కడుంది అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. గర్భంలో పోయిన పిల్లల గురించి బైబిలు సూటిగా ఒక బోధ ఇవ్వలేదు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలామంది కాపరులు దావీదు మాటను, ఈ చిన్నవారిలో ఒకడైనా నశించడం తండ్రి చిత్తం కాదన్న మత్తయి 18:14ను పట్టుకుని బిడ్డ ప్రభువు దగ్గరే ఉందని చెబుతారు. కతోలికుల్లో బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ గతేమిటన్న భయం పాతది. వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం 2007లో ప్రచురించిన పత్రం, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన ఆధారాలున్నాయని చెప్పింది. పాత మాటలతో అమ్మమ్మలు భయపెడితే ఈ సంగతి చెప్పండి.

ఆదరణ కూడిక ఎలా పెట్టుకోవాలి

రెండో వారమో మూడో వారమో, రక్తస్రావం తగ్గి తల్లి గంటసేపు కూర్చోగలిగినప్పుడు పెట్టుకోండి. సాయంత్రం, ఇంట్లోనే. ఎనిమిది, పది మందికి మించకూడదు. పేర్లు తల్లి చెప్పాలి. ఆమె వద్దన్నవాళ్లను, ఆడపడుచైనా సరే, పిలవకండి. అంతవరకు ఇళ్లకు వచ్చే తాకిడి ఆగాలంటే భర్త సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే సరిపోతుంది:

"అందరికీ వందనాలు. మాకు పుట్టాల్సిన బిడ్డ ఈ మంగళవారం గర్భంలోనే చనిపోయింది. నా భార్య ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటోంది. దయచేసి ఈ వారం ఫోన్ చేయకండి, మా కోసం ప్రార్థించండి. కలవగలిగినప్పుడు మేమే చెబుతాం."

పాస్టరు గారికి మూడు రోజుల ముందే చెప్పాల్సిన సంగతులున్నాయి: వాక్యం పది నిమిషాలు దాటకూడదు, మళ్లీ పుట్టబోయే బిడ్డ మాట ఎత్తకూడదు, సాక్ష్యాలూ కానుకా ఉండవు. పాస్టరు గారితో ఇలా చెప్పడం మర్యాద కాదనిపిస్తే పాస్టరమ్మ గారి ద్వారా చెప్పించండి. ఆమెకు త్వరగా అర్థమవుతుంది.

క్రమం నలభై నిమిషాలు:
1. వాయిద్యాలు లేకుండా, మెల్లగా ఒక పాట.
2. తండ్రో, తల్లి అక్కచెల్లెళ్లలో ఒకరో 13వ కీర్తన గానీ 139:13-16 గానీ చదవడం.
3. బిడ్డ ఎన్ని వారాలు ఉందో, ఏ రోజు పోయిందో, పేరు పెట్టుకుంటే ఆ పేరు పైకి చెప్పడం. దీన్ని వదిలేయకండి. కూడిక పెట్టేదే దీనికోసం.
4. రెండు నిమిషాలు నిశ్శబ్దం, గడియారం చూసి.
5. వాక్యం.
6. వచ్చినవాళ్లు తలా ఒక వచనం చదవడం, చివర పాస్టరు గారి ప్రార్థన, అందరూ కలిసి పరలోక ప్రార్థన.

ఆరో అంశంలో ప్రార్థనకు బదులు వచనం అని కావాలనే రాశాం. కూడికలు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. స్వేచ్ఛగా ప్రార్థించమంటే ఒక పెద్దమ్మ "ఏడాది తిరక్కుండా బాబునివ్వు ప్రభువా" అంటుంది, ఇంకొకరు తన కడుపు పోయిన కథ ఎత్తుకుంటారు. వచనాలు ముందే చీటీల మీద రాసి చేతికిస్తే ఆ ప్రమాదం ఉండదు. అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థించే అలవాటున్న సంఘాల్లో ఆ రోజుకు వద్దనండి. ఆ శబ్దంలో తల్లి గొంతు వినపడదు.

కతోలికులైతే విచారణ గురువును కలవండి. గర్భస్రావం తర్వాత తల్లిదండ్రులను ఆశీర్వదించే ప్రార్థన క్రమం ఇంగ్లీషులో ఉంది, ఫాదర్ గారు దాన్ని తెలుగులో చెప్పగలరు. తల్లిదండ్రుల పేరు మీద పూజ కూడా చెప్పించవచ్చు. చనిపోయిన బిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు, దాని గురించి పట్టుబట్టి బాధపడొద్దు.

బిడ్డను పాతిపెట్టుకోవాలనుకుంటే డీ అండ్ సీ కి (గర్భసంచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్) ముందే, రాతపూర్వకంగా, ఆసుపత్రిని అడగాలి. తర్వాత అడిగితే దొరకదు, ఎందుకంటే 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వాళ్లు పంపించేస్తారు. ఇస్తే, సమాధుల తోటలో చోటు కోసం సంఘ కమిటీతో మాట్లాడండి. దొరక్కపోతే మీరేమీ తప్పు చేసినట్టు కాదు. ఇంటి బైబిలు మొదటి పేజీలో పిల్లల పుట్టిన తేదీలు రాసుకునే చోట ఈ తేదీ కూడా రాయండి. స్కానింగ్ ఫొటో ఉంటే ఈ రోజే ఫోన్లో ఫొటో తీసి, మామూలు కాగితం మీద ప్రింటు తీయించండి. స్కానింగ్ ఫొటో వచ్చే కాగితం వేడికి నల్లబడే రకం. కొన్నేళ్లకు బొమ్మ వెలిసిపోతుంది, లామినేషన్ చేయిస్తే ఆ వేడికే నల్లగా మాడిపోతుంది.

పలకరించడానికి వెళ్లేవాళ్లకు

యోబు స్నేహితులు ఏడు రోజులు ఒక్క మాటా లేకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే పాడుచేశారు. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నది యోబు తన గురించి తానన్న మాట. ఇంకొకరు వచ్చి అతనికి చెప్పిన మాట కాదు. మీరూ ఆ తల్లికి చెప్పకండి. "ఇంకా చిన్న వయసేగా", "ఆకారం కూడా వచ్చి ఉండదులే" అనకండి. "బిడ్డ పోయిందని విన్నాం, చాలా బాధగా ఉంది" అంటే చాలు. అన్నం, కూర, పెరుగు క్యారేజీలో తీసుకెళ్లి, గిన్నెలు తిరిగి ఇవ్వక్కర్లేదని చెప్పండి. ఇంకో పిల్లవాడు ఉంటే సాయంత్రం మీ ఇంటికి తీసుకెళ్లండి. భర్తను కూడా పలకరించండి. అందరూ "మీ ఆవిడ ఎలా ఉంది" అనే అడుగుతారు, అతను ఎలా ఉన్నాడో ఒక్కరూ అడగరు. దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఏడ్చాడు, ఆయన యుద్ధాలు గెలిచిన రాజు.

తేదీ చెప్పి మరీ బిడ్డ పుడుతుందని ప్రవచించేవాళ్లనూ, దయ్యం పట్టిందని కొట్టి ప్రార్థించేవాళ్లనూ, విత్తన కానుక అడిగేవాళ్లనూ గడప దాటనివ్వకండి. వాళ్లు చెప్పిన నెల గడిచిపోతే ఆ తల్లి వాళ్లను అనుమానించదు, తన విశ్వాసాన్నే అనుమానిస్తుంది. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడు మందు రాస్తే వాడండి. షుగరు మాత్ర వేసుకున్నప్పుడు అడ్డురాని విశ్వాసం దీనికీ అడ్డు కాదు.

ముందున్న తేదీలు

డాక్టరు ఇచ్చిన ప్రసవం తేదీ, పిల్లలను ప్రతిష్ఠించే ఆదివారం, మదర్స్ డే, పశువుల తొట్టి పాటలతో నిండిపోయే డిసెంబరు నెల. ఇవి గట్టిగా తగులుతాయి. వాటిని క్యాలెండర్లో ఇప్పుడే గుర్తు పెట్టుకుని, ఆ రోజు ఏం చేస్తారో ఇద్దరూ ముందే అనుకోండి. ప్రతిష్ఠ ఉన్న ఆదివారం వెనక బెంచీలో కూర్చుని మధ్యలో లేచి వెళ్లవచ్చు, వేరే ఆరాధనకు వెళ్లవచ్చు. నవంబరు 2న సమాధుల పండుగకు ఇంట్లో వాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టేటప్పుడు ఈ బిడ్డ కోసం ఇంకొకటి వెలిగించవచ్చు.

మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలన్నది మీ డాక్టరుతో మాట్లాడండి. నెలసరి ఎక్కువగా 4 నుంచి 6 వారాల్లో తిరిగొస్తుంది. గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. రెండుసార్లు పోతే థైరాయిడ్, షుగరు, రక్తం గడ్డకట్టే లోపాలు, గర్భాశయం ఆకారం పరీక్షించమని అడగండి. "ప్రార్థిస్తున్నాం, చూద్దాం" అని మూడోసారి దాకా ఆగకండి. మళ్లీ నెల తప్పినప్పుడు సంఘమంతటికీ చెప్పకండి. ప్రార్థనకు ఇద్దరు నమ్మకమైన మనుషులు చాలు, వాళ్లకు స్కానింగ్ తేదీలు చెప్పి ఆ పూట ప్రార్థించమనండి. సంఘంలో ప్రార్థన మనవి ఐదో నెల స్కానింగ్ అయ్యాక పెట్టవచ్చు.